నిదానం విమానం

ముప్ఫై నాలుగేళ్లు టౌను బస్సు నడిపి, ఒక్క మనిషికి గాని, ఒక్క మేకకు గాని, ఆఖరికి ఒక్క చెత్తకుండీకి గాని గీత పడకుండా దిగినవాడికి నిదానం అని కాక ఇంకేమని పేరు పెడతారు? డిపోలో ఎవరో కుర్రడ్రైవరు వెటకారానికి తగిలించిన పేరది. ఆయన బస్సు కనబడగానే "నిదానమే ప్రధానం" అని మొత్తం సామెత అప్పజెప్పేవాడు. తరవాత్తరవాత అంత పొడుగెందుకని సగం కోసేశారు. పెట్టినవాడు ఎక్కడికో బదిలీ అయిపోయాడు, పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆఖరికి భార్య కూడా ఫోనులో చెల్లెలితో, "మా నిదానం స్నానానికి వెళ్లి గంటైందే" అనేది.

అటువంటి నిదానం, రిటైరైన మర్నాడు పొద్దున్నే, కాఫీ కప్పు చేతిలో ఉండగానే, "నాకు విమానం నడపాలని ఉంది" అన్నాడు.

భార్య యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమె ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సు. మత్తు దిగుతున్నవాళ్లు అనే మాటలు ముప్ఫై ఏళ్లుగా వింటున్న మనిషి, అంత తొందరగా కంగారుపడదు.

"ఏ విమానం?" అంది.

"కంప్యూటర్లో నడిపేది. అచ్చం నిజందానిలాగే ఉంటుందట. మేఘాలు, వర్షం, రన్‌వే, అన్నీ."

ఆ కోరిక నిన్న మొన్నటిది కాదు. ఆయన బస్సు ఆఖరి స్టాపు విమానాశ్రయం గేటు. పెట్టెలతో, పిల్లలతో జనం బిలబిలమని దిగి లోపలికి పోయేవారు. ఈయన బస్సు తిప్పుకుని, మార్కెట్టు మీదుగా మళ్లీ డిపోకి. ఆ తిప్పడంలో ఒక్క క్షణం అద్దంలో రన్‌వే కనబడేది. ఆ ఒక్క క్షణం కోసమే ఇంకో రూటు ఇస్తామన్నా ఒప్పుకోకుండా దాన్నే పట్టుకు వేళ్లాడాడు. మరి టికెట్టు కొనుక్కుని ఎక్కొచ్చు కదయ్యా అంటారేమో. ఒకసారి ఎక్కాడు. కిటికీ పక్క సీటే ఇచ్చారు. కానీ బండి ఇంకొకడు నడుపుతుంటే వెనక చేతులు కట్టుకుని కూర్చోవడం డ్రైవరుకు అయ్యే పనా? ఎక్కింది మొదలు దిగేదాకా లేని బ్రేకు కోసం రెండు కాళ్లతో నేలను తొక్కుతూనే ఉన్నాడు. దిగాక రెండు రోజులు పిక్కలు పట్టేశాయి.

ఇక డబ్బు సంగతి. పెళ్లైన నాలుగో ఏట ఒకరోజు భార్య పనిచేసే థియేటరుకి ఒకే బస్సులోంచి ఆరుగురిని తెచ్చారు. ఆ బస్సు ఈయనది కాదు. అయినా ఆమె ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఆఖరి రోజు దాకా ఒక్క ప్రమాదం లేకుండా దిగండి. ఆ రోజు మీరు ఏదడిగితే అది. ఎంతవుతుందని అడగను" అంది. అని ఊరుకునే రకం కాదు, ఆ నెల నుంచే దానికోసం విడిగా దాస్తూ వచ్చింది. మూడు దశాబ్దాలు ఎవరూ ముట్టుకోని డబ్బు ఏమవుతుంది? బలుస్తుంది. ఇప్పుడది ఒక కొత్త కారంత అయి కూర్చుంది.

"మాట మాటే" అంది భార్య, ఇస్త్రీ పెట్టె నిలబెట్టి. "కానీ ఏమేం కొంటారో, ఏది ఎక్కడ పెడతారో జాబితా రాయండి. ఆదివారం మధ్యాహ్నం నేను చదువుతాను. అన్నీ ఉంటే సంతకం పెడతాను. ఒక్కటి తప్పినా పెట్టను."

నిదానం కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఆమె చదవడమంటే మనం చదివినట్టు కాదు. థియేటరులో కత్తి పెట్టేముందు ఆమె జాబితాలో ఒక్కోటీ పైకి చదవాలి, అవతలివాళ్లు ఒక్కోదానికీ "ఉంది" అనాలి. ఎవరైనా ఊఁ అని గొణిగితే మళ్లీ మొదటినుంచీ మొదలు. గోటిలో మురికి కనబడిందని పెద్ద సర్జన్‌ని చేతులు కడుక్కురమ్మని మూడుసార్లు వెనక్కి పంపిన మనిషి. ఆమె సంతకం పడితే విమానం, పడకపోతే మళ్లీ గేటు దగ్గర బస్సు తిప్పుకోవడమే. ముప్ఫై నాలుగేళ్ల కోరిక ఆదివారం మధ్యాహ్నానికి వేళ్లాడుతోంది.

పరుగున మరదలి కొట్టుకి వెళ్లాడు. నిదానం పరుగు అంటే మామూలువాళ్ల నడక అనుకోండి.

మరదలు, అంటే భార్య చెల్లెలు, మూడు వీధుల అవతల కంప్యూటర్లు బిగించే కొట్టు నడుపుతుంది. నలుగురు నిలబడితే అయిదోవాడు బయట ఆగాల్సినంత కొట్టు. గోడ నిండా కీబోర్డులు, బల్ల నిండా విప్పిన డబ్బాలు. ఇరవై ఏళ్లుగా ఆమె చెవిన పడిన మాట ఒక్కటే, "తక్కువలో ఏదైనా చూడమ్మా." వీడి పాత ర్యామ్ వాడికి, వాడి పాత ఫ్యాను వీడికి మార్చి మార్చి ఆవిడ మనసు కూడా సెకండ్‌హ్యాండు అయిపోయింది పాపం. అలాంటి మనిషి ఎదురుగా స్టూలు లాక్కుని నిదానం, "ఎంతవుతుందని మీ అక్క అడగదట" అన్నాడు.

మరదలి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"మళ్లీ చెప్పు బావా."

"అడగదట."

ఆమె లేచి వెళ్లి షట్టరు సగం దించింది. వచ్చి కూర్చుని, చేతులు చీరకు తుడుచుకుని, కొత్త నోటుపుస్తకం తీసింది. "కుదురుగా కూర్చో. మధ్యలో మనసు మార్చుకుంటే మాత్రం నేను తట్టుకోలేను, ముందే చెప్తున్నా."

ఆ వారం ఇద్దరి కాళ్లూ నేల మీద లేవు. మొదటి రోజే మరదలు ఒక నియమం పెట్టింది, ఈ వారం ధర చూడడం నిషేధం అని. తెర మీద ధరలుండే వరస మీద నల్ల టేపు అంటించేసింది. ఇరవై ఏళ్లుగా ఆ వరస మాత్రమే చూసి చూసి మెడ పట్టేసింది, ఇక చూడనంది.

"ప్రాసెసర్ అంటే ఏంటమ్మా?"

"ఇంజను."

"మరి గ్రాఫిక్స్ కార్డు?"

"అదీ ఇంజనే. దానికంటే పెద్దది."

"రెండు ఇంజన్లా?" నిదానం స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"విమానానికి రెండుంటాయి కదా బావా."

"అవునవును. వేడెక్కితే?"

"లోపల గొట్టాల్లో నీళ్లు తిరుగుతుంటాయి. ఆ వేడి తీసుకెళ్లి రేడియేటరులో వదిలేస్తాయి."

"రేడియేటరు అనే అంటారా?"

"అక్షరాలా రేడియేటరు అనే అంటారు."

చెప్పొద్దూ, నిదానానికి కళ్లు చెమ్మగిల్లాయి. పరాయి దేశంలో సొంత ఊరివాడు ఎదురైనట్టయింది. అక్కణ్నుంచి ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. సోమవారం ఒక మానిటర్ చాలన్నవాడు మంగళవారానికి మూడన్నాడు. బుధవారానికి ఆ మూడూ వంపు తిరిగినవి అయ్యాయి. గురువారం పైన ఆకాశం చూడ్డానికి నాలుగోది ఉంటే బాగుంటుందేమో అని నసిగాడు. ర్యామ్ అరవై నాలుగు అంటే, "రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరుస్తామా, నూట ఇరవై ఎనిమిది రాయి" అన్నాడు. అదేంటో, ఎందుకో ఆయనకు బొత్తిగా తెలియదు. నూట ఇరవై ఎనిమిది ఆయన మొదటి బస్సు నంబరు, అంతే.

"తొమ్మిది ఫ్యాన్లు బావా. రంగురంగుల లైట్లతో వెలుగుతాయి."

"బ్రేకు తొక్కితే ఎర్రగా వెలుగుతాయా?"

మరదలు ఒక్క క్షణం ఆలోచించింది. ఇలాంటి ప్రశ్న ఆమెను ఇరవై ఏళ్లలో ఎవరూ అడగలేదు. "వెలిగిద్దాం" అంది, పరవశంగా. ఇద్దరూ చెరో గ్లాసు టీతో దాని మీద ప్రమాణం చేసినంత పని చేశారు.

ఈ సంబరం చూసి భార్య, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంకా నేను సంతకమే పెట్టలేదు" అంది కొట్టు గడపలోంచి. అంది గాని, నవ్వు దాచుకోవడానికి ముఖం పక్కకు తిప్పుకుంది.

శుక్రవారం నిదానం సుద్దముక్క పట్టుకున్నాడు. పాత సామాన్లు పడేసే చిన్న గది ఖాళీ చేసి, డిపోలో బస్సులు నిలిపే చోట గీతలు గీసినట్టు నేల మీద అన్నీ అసలు కొలతలతో గీశాడు. ఎదురుగా బల్ల, దాని మీద మూడు మానిటర్లు. మధ్యలో తన సీటు, కాళ్ల దగ్గర పెడల్స్. సీటుకి ఒక పక్క వేగం పెంచే లివర్లు, ఆ వెంటనే గోడ. ఇంకో పక్క, సీటుని ఆనుకుని, ఇనప స్టాండు మీద కంప్యూటరు పెట్టె. మామూలు పెట్టె కాదు, చిన్న బీరువాలాంటిది. దాంతో గది నిండిపోయింది.

"ఆ పెట్టె అక్కడెందుకు బావా? వెనక గోడకి అరలో పెడితే చోటు కలిసొస్తుంది. వైర్లు పొడుగువి వేస్తాను" అంది మరదలు.

"ఇంజను డ్రైవరు పక్కనే ఉండాలమ్మా. చప్పుడు వింటుంటేనే దాని ఆరోగ్యం తెలిసేది." ముప్ఫై నాలుగేళ్లూ ఆయన పక్కన ఉన్నది ఇంజను పెట్టే. దాని మీద చెయ్యేసి వేడి చూసుకునే అలవాటు. ఇంకోలా ఉండొచ్చన్న ఆలోచన ఆ బుర్రలోకి దూరే దారే లేదు.

అదే సమయానికి డ్యూటీ నుంచి వచ్చిన భార్య, లోపల్నుంచి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చి, గీతల మధ్య ఎక్కడ వెయ్యాలా అని అటూ ఇటూ చూసింది.

"అది అడ్డం, తీసెయ్. సుద్ద చెరిగిపోతుంది" అన్నాడు నిదానం, మోకాళ్ల మీదనుంచి తలెత్తకుండా.

ఆమె కుర్చీ ఎత్తుకుని తీసుకెళ్లిపోయింది.

శనివారానికి జాబితాలో ఇరవై రెండు వస్తువులు తేలాయి. ఇరవై మూడోది నిదానం సొంతంగా చేర్చాడు. రిటైరైన రోజు డిపోవాళ్లు ఆయన బస్సులోంచి ఊడదీసి, తుడిచి, రంగుకాగితం చుట్టి ఇచ్చిన రేకు బోర్డు. "డ్రైవరుతో మాట్లాడరాదు" అని ఉంటుంది. దాన్ని మానిటర్ల పైన గోడకి కొట్టాలని ముచ్చట. మరదలు ఆ బోర్డు చూసి, ఆయన వంక చూసి, "ఇది కూడా రాయమంటావా?" అంది.

"రాయి మరి. అది లేకపోతే బండి బండిలా ఉండదు."

"నీ ఇష్టం" అంది మరదలు. ఆమెకు ఆ బోర్డు కథ తెలుసు. అక్క చెప్పిందే.

పెళ్లైన కొత్తల్లో ఒకసారి భార్య ఆయన బస్సెక్కి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుంది. పొద్దున్న తొందరలో ఆయన ఏమీ తినకుండా వచ్చేశాడు. మార్కెట్టు దగ్గర బస్సు ఆగినప్పుడు ముందుకు వంగి, "తిన్నారా?" అని అడిగింది. నిదానం వెనక్కి తిరగలేదు. స్టీరింగు మీదనుంచి ఒక్క వేలెత్తి పైనున్న బోర్డు చూపించాడు. బస్సంతా నవ్వింది. ఆమె తరవాతి స్టాపులో దిగిపోయింది. ఆ తరవాత మళ్లీ ఎన్నడూ ఆయన బస్సెక్కలేదు. వేరే బస్సులో వెళ్లేది, లేదంటే నడిచేది. అడిగితే, ఆసుపత్రి దగ్గరే కదా అనేది. నిదానం నిజంగానే దగ్గర కాబట్టి అనుకున్నాడు. ఆయన అన్నిట్లోనూ నిదానమే మరి.

ఆదివారం మధ్యాహ్నం భార్య కళ్లజోడు పెట్టుకుని, పెన్ను తీసుకుని, ఆ చిన్న గది గడపలో నిలబడింది. నిదానం తను గీసుకున్న సీటు గీతల మధ్య చేతులు కట్టుకుని నించున్నాడు. మరదలు గోడకానుకుని, అక్క కంటపడకుండా గోళ్లు కొరుక్కుంటోంది.

"ప్రాసెసర్?"

"ఉంది."

"గ్రాఫిక్స్ కార్డు?"

"ఉంది."

"రేడియేటరు?"

"ఉంది ఉంది."

"ఒక్కసారి చాలు. మదర్‌బోర్డు?"

"ఉంది."

అలా ఒక్కోటీ దాటుతోంది. తొమ్మిది ఫ్యాన్ల దగ్గర ఆమె కనుబొమ్మలు లేచాయి, కానీ టిక్కు పడింది. నాలుగో మానిటర్ దగ్గర పెన్ను ఒక్క క్షణం గాల్లో ఆగింది. టిక్కు పడింది. కరెంటు పోతే పది నిమిషాలు ఆదుకునే బ్యాటరీ రాసుకున్నారని "మంచిది" అని కూడా అంది. మరదలు గోళ్లు కొరకడం మానేసింది. నిదానానికి ఒంట్లో ఏదో బుడగలు బుడగలుగా పైకి లేస్తోంది. ఇరవై ఒకటి దాటింది. ఇరవై రెండు దాటింది. చక్రాలు నేల వదిలినట్టే అనిపించింది ఆయనకి.

"ఇరవై మూడు. బోర్డు?"

"ఉంది" అన్నాడు నిదానం హుషారుగా.

టిక్కు పడలేదు. భార్య కళ్లజోడు తీసింది.

"నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

నిదానం నేల వంక చూశాడు. బల్ల ఉంది, పెడల్స్ ఉన్నాయి, లివర్లున్నాయి, ఇంజను ఉంది. అంత పొందిగ్గా గీసిన గదిలో రెండో మనిషి నిలబడడానికి జానెడు జాగా లేదు.

"నువ్వూ..." అని నీళ్లు నమిలాడు. "నువ్వు కూర్చుంటావనుకోలేదు."

"ఎందుకనుకుంటారు? మొన్న కుర్చీ తెస్తే అడ్డం తీసెయ్యమన్నారు." గొంతు పెంచలేదామె. థియేటరులో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. "బస్సులో వేలెత్తి చూపించినప్పుడు నాకు కోపం వచ్చింది. తరవాత, పోనీలే, బస్సులో నలభై మంది ప్రాణాలున్నాయి, ఆయన చేసింది రైటే అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లూ అదే అనుకున్నాను. ఇక్కడెవరి ప్రాణాలున్నాయండీ? ఈ గదిలో కూడా నాకు బోర్డేనా?"

నిదానానికి అప్పుడు తెలిసింది ఆసుపత్రి ఎంత దూరమో. ముఖం కందగడ్డలా అయింది. వంగి, ఇంజను పెట్టె కోసం గీసిన గీతల మీద అరచెయ్యి పెట్టి, ఒక మూలనుంచి తుడవడం మొదలుపెట్టాడు. చెయ్యంతా తెల్లగా అయింది. చొక్కా మోచేతుల దాకా తెల్లగా అయింది. మధ్యలో ఆగలేదు.

"వెనక అరలో పెడదాం" అన్నాడు మరదలితో, తల వంచుకునే. "నువ్వన్నదే."

"శుక్రవారమే అన్నాను" అంది మరదలు, ఎప్పటికీ వదలనట్టు.

"కానీ చప్పుడు వినబడదు. దానికేమైనా అయితే ఎలా తెలుస్తుంది?"

"నేను వింటాను" అంది భార్య. "ముసుగు కింద పేషెంటు ఊపిరి తేడా వస్తే ముందు చెప్పేది నేనే. మీ డబ్బా ఊపిరి నాకో లెక్కా? అదీగాక విమానంలో పక్కసీటు మనిషి పనేంటో తెలుసా మీకు? నిన్న డ్యూటీలో చదివాను. జాబితా పైకి చదవాలి. నడిపేవాడు ఉందనాలి. ముప్ఫై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే."

నిదానం నోరు తెరుచుకుని చూశాడు. మరదలు ఫక్కుమంది. ఇక ఆగలేదు, పొట్ట పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు అంటుకుని నిదానం నవ్వాడు. భార్య మాత్రం పెన్నుతో జాబితా కింద రాస్తోంది. "ఇరవై నాలుగు. రెండో సీటు. అచ్చం మొదటి దానిలాంటిదే. భోజనాల బల్ల కుర్చీతో సరిపెడితే ఒప్పుకోను."

"అలాంటిదే. దానికంటే మంచిదే" అన్నాడు నిదానం. "నాలుగో మానిటర్ కొట్టెయ్. ఆకాశం కిటికీలోంచి చూసుకుంటా."

"కొట్టక్కర్లేదు. ఎంతవుతుందని అడగనన్నానుగా." సంతకం పెట్టింది. పొడుగ్గా, కిందికి గీత లాగి పెట్టింది. "బోర్డు మాత్రం గది బయట తలుపుకి తగిలించండి. మూడోవాళ్ల కోసం."

"మూడోదాన్ని నేనేనా అక్కా?" అంది మరదలు కళ్లు తుడుచుకుంటూ. "నీ సొమ్ము బావకి ఇంత బాగా దానం చేసినందుకు ఇదా నాకు దక్కేది?" అంటూనే జాబితా లాక్కుని, ఆర్డరు పెట్టడానికి కొట్టుకి బయల్దేరింది. ఆదివారమని గుర్తొచ్చినా ఆగలేదు.

వస్తువులన్నీ రావడానికి మూడు వారాలు పడుతుంది. అంతదాకా ఆగడం నిదానానికి తెలిసిన విద్యే గాని, ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన వల్ల కాలేదు. లోపలికెళ్లి భోజనాల బల్ల కుర్చీలు రెండు తెచ్చి, సుద్ద చెరిగిన చోట ఒకటి, సీటు గీతల్లో ఒకటి వేశాడు. భార్య సంతకం పెట్టిన పెన్ను చెవిమీద పెట్టుకుని పక్కన కూర్చుంది. ఎదురుగా సున్నం వేసిన ఖాళీ గోడ. నిదానం రెండు చేతులూ గాల్లోకి పట్టుకున్నాడు, లేని పెడల్స్ మీద కాళ్లు పెట్టాడు.

బండి కదిలింది. వేగం అందుకుంది. ఆయన కళ్లు గోడమీదనుంచి కదలడం లేదు.

భార్య ముందుకు వంగింది. "తిన్నారా?" అని అడిగింది.

నిదానం చేతులు స్టీరింగు మీదే ఉంచి, ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి, బండి నడుస్తుండగా తల పక్కకి తిప్పి ఆమె వంక చూశాడు.

"ఇంకా లేదు" అన్నాడు. "నువ్వు?"